కాళి సరిగలా: టోనర్ కార్ట్రిడ్జ్‌లో అసలు అయిపోయేదేంటి

2024 సెప్టెంబర్ గుర్తుందా, ఒడిశాలో ఆడవాళ్ళకి డబ్బులిచ్చే సర్కారు పథకం సుభద్ర యోజన ఫారాల హడావిడి, మా పర్లాకిమిడిలో ఏ జెరాక్స్ షాపు ముందు చూసినా ఆడవాళ్ళ లైనే, చేతిలో ఆధార్, బ్యాంకు పాస్‌బుక్కు, నోట్లో ఒకటే మాట, ఇంకెంతసేపు బాబూ అని. సరిగ్గా ఆ రోజుల్లోనే కాశీనగర్ వైపు నుంచి ఒకాయన, అక్కడ సీఎస్‌సీ సెంటర్, అంటే సర్కారు ఫారాలు ఆన్‌లైన్లో నింపే షాపు నడుపుతాడు, లేజర్ ప్రింటర్ కార్ట్రిడ్జ్‌ని పాత తెలుగు పేపర్లో చుట్టి చంకలో పెట్టుకుని నా రిపేరు షాపుకి వచ్చాడు. వస్తూనే ఒడియాలో "కాళి సరిగలా" అన్నాడు, ఇంకు అయిపోయింది అని. నా మొహం చూసి తెలుగులోకి దిగాడు. "పౌడరు ఏయించి నెల్లాళ్ళయినా అవలేదు మాస్టారూ, మద్దిలో రెండోసారి కూడా ఏయించినాను, మళ్ళీ అయిపోనాదేటి?"

చేతిలోకి తీసుకుంటే బరువుగా ఉంది. పౌడర్ అయిపోయిన కార్ట్రిడ్జ్ అంత బరువుండదు కదా. రెండు పక్కలా ఉండే పిన్నులు పీకి రెండు ముక్కలు చేశాను, పౌడర్ ఉండే సగంలో మూత తీస్తే సగానికి పైగా పౌడర్ నిక్షేపంలా ఉంది. రెండో సగం, అంటే డ్రమ్ము ఉండే సగం, అందులో వేస్ట్ పడే డబ్బా ఒకటుంటుంది, అది మాత్రం బస్తాలో ఊక కుక్కినట్టు కుక్కి ఉంది, ఇంకో చెంచా పట్టదు, పట్టకే అంచుల్లోంచి కారి కాగితం మీద నల్ల చారలు పడుతున్నాయి. అంటే నెలలో రెండుసార్లు పౌడర్ పోశారు గానీ చెత్త మాత్రం ఒక్కసారి కూడా తియ్యలేదు. మనిషికి కడుపు ఉబ్బరమైతే ఇంకో రెండు ముద్దలు పెట్టినట్టు.

ఆయన తప్పేం లేదులెండి. మనందరికీ ప్రింటర్ అనగానే ఇంకు అనే అలవాటైపోయింది, ఇంకు అంటే అయిపోవడం నింపడం, పెన్నులో లాగ. లేజర్ ప్రింటర్‌లో ఇంకు చుక్క కూడా లేదు. ఉన్నదంతా ప్లాస్టిక్ పొడి, టోనర్ అంటారు, మేం పౌడర్ అంటాం. ఆ పొడిని కాగితం దాకా తీసుకెళ్ళే నాలుగైదు విడి భాగాలు కూడా ఆ కార్ట్రిడ్జ్ డబ్బాలోనే ఉన్నాయి, అవి కూడా అరుగుతాయి, ఈ సంగతి కస్టమర్‌కి తెలీదు, చాలామంది రీఫిల్ చేసేవాళ్ళు చెప్పరు, గొడవంతా అక్కడే.

కాబట్టి ముందు లోపల ఏం జరుగుతుందో చూద్దాం. హెచ్‌పీ 12ఏ కార్ట్రిడ్జ్ తీసుకుంటున్నా, ఎందుకంటే 1010, 1018, 1020, 1022, ఎం1005 అన్నింటికీ ఇదే, కెనాన్ ఎల్‌బీపీ 2900కి పడే 303 కూడా లోపల ఇదే సరుకు, మన వైపు షాపుల్లో ఇంకా కొల్లలుగా తిరుగుతోంది.

పచ్చగానో నీలంగానో మెరిసే ఒక గొట్టం కనిపిస్తుంది కదా, అదే డ్రమ్ము. దాన్ని పలక అనుకోండి, చిన్నప్పుడు బలపంతో రాసి తడిగుడ్డతో తుడిచి మళ్ళీ రాసేవాళ్ళం చూడండి, అదే పని. ఒక్కో చుట్టుకి రాయడం, తుడవడం, మళ్ళీ రాయడం. కాకపోతే రాసేది బలపం కాదు కరెంటు. డ్రమ్ముని ఆనుకుని ఒక నల్ల రబ్బరు రోలర్ తిరుగుతుంది, పీసీఆర్ అంటాం మేము, అది డ్రమ్ము ఒంటి నిండా సుమారు మైనస్ 600 వోల్టుల చార్జి పూస్తుంది. తర్వాత ప్రింటర్‌లోంచి లేజర్ వచ్చి అక్షరం పడాల్సిన చోట మాత్రమే తగులుతుంది, తగిలిన చోట చార్జి మైనస్ 100 దగ్గరికి పడిపోతుంది. ఇప్పుడు కంటికి కనపడని అక్షరం డ్రమ్ము మీద తయారు. పక్కనే మ్యాగ్నెట్ రోలర్ పౌడర్ని అంటించుకుని తిరుగుతుంటుంది, దాని మీద డాక్టర్ బ్లేడ్ అని ఒక పట్టీ, అది పౌడర్ని దోసె పిండి పరిచినట్టు పల్చగా పరుస్తుంది, ఆ రాపిడికే పౌడర్‌కి కూడా మైనస్ చార్జి వస్తుంది. మైనస్‌కి మైనస్ పడదు కదా, 600 ఉన్న చోటికి పౌడర్ పోదు, 100 ఉన్న చోటికి దూకుతుంది. అక్షరం నల్లబడింది. కింద కాగితం, కాగితం కింద ప్లస్ చార్జి ఉన్న ఇంకో రోలర్, అది పౌడర్ని కాగితం మీదకి లాగుతుంది. తర్వాత కాగితం ఫ్యూజర్‌లోకి పోతుంది, దాదాపు 180, 200 డిగ్రీల వేడి, పౌడర్ కరిగి కాగితానికి అంటుకుపోతుంది. ప్రింటు చేతికి వెచ్చగా వచ్చేది అందుకే.

ఇక్కడే అసలు మెలిక ఉంది. డ్రమ్ము మీద ఉన్న పౌడర్ మొత్తం కాగితం మీదకి దిగదు. కొంత మిగిలిపోతుంది. దాన్ని వైపర్ బ్లేడ్ అనే రబ్బరు పట్టీ గీకేసి వేస్ట్ డబ్బాలోకి తోస్తుంది. పలక తుడిచే తడిగుడ్డ అదే. కంపెనీవాళ్ళు ఒక్కసారి పౌడర్ అయిపోయేదాకా ఎంత వేస్ట్ వస్తుందో లెక్కేసుకుని ఆ సైజు డబ్బా పెట్టారు, రెండోసారి మూడోసారి పౌడర్ పోస్తారని పెట్టలేదు. కాబట్టి రీఫిల్ చేసిన ప్రతిసారీ వేస్ట్ తియ్యాల్సిందే, ఇందులో ఇంకో మాట లేదు. మరి ఎందుకు తియ్యరూ అంటే, పౌడర్ పొయ్యడం అయిదు నిమిషాల పని, పక్క స్క్రూలు ఊడదీసి మూత లాగి పోసెయ్యడమే. వేస్ట్ తియ్యాలంటే డ్రమ్ము పిన్ను పీకాలి, పీసీఆర్ తియ్యాలి, వైపర్ బ్లేడ్ స్క్రూలు రెండూ విప్పాలి, అప్పుడు గానీ డబ్బా నోరు కనపడదు. మళ్ళీ అన్నీ బిగించాలి, బిగించేటప్పుడు గోరు తగిలితే డ్రమ్ము పోయినట్టే, దాని మీద పూత మైక్రాన్లలో ఉంటుంది. ముప్పావు గంట పని. రద్దీలో ఎవడు చేస్తాడు?

కాశీనగర్ ఆయన, నేను వేస్ట్‌ని పేపర్ మీద గుమ్మరిస్తుంటే చూసి "అయ్యో ఇంత పౌడర్ పారేస్తన్నావేటి, దాన్నే మళ్ళీ ఏసీకూడదా" అన్నాడు. ఈ ప్రశ్న నన్ను వారానికోసారైనా ఎవరో ఒకరు అడుగుతారు. చూడ్డానికి అదే నలుపు, అదే మెత్తదనం. కానీ అందులో కాగితం నూగు కలిసిపోయి ఉంటుంది, ఆ పొడికి చార్జి సరిగ్గా పట్టదు, చార్జి పట్టనిది ఎక్కడ పడితే అక్కడ వాలుతుంది, పేజీ అంతా బూడిద పూసినట్టు వస్తుంది, నూగు మ్యాగ్నెట్ రోలర్ దగ్గర ఇరుక్కుని గీతలు పెడుతుంది. కొంతమంది వేస్తారు, నాకు తెలుసు. చవగ్గా రీఫిల్ అని బోర్డు పెట్టిన ప్రతి చోటా వేస్తారని అనను గానీ మరీ చవగ్గా ఉంటే మాత్రం ఒక్కసారి అడగండి.

సరే, అరుగుదల సంగతి. డ్రమ్ము వ్యాసం 24 మిల్లీమీటర్లు, 3.14తో గుణిస్తే చుట్టుకొలత 75 మిల్లీమీటర్లు చిల్లర. ఏ4 కాగితం పొడవు 297. అంటే ఒక్క పేజీకి డ్రమ్ము దాదాపు నాలుగు చుట్లు తిరుగుతుంది. 12ఏ డబ్బా మీద రాసే 2000 పేజీలకి దగ్గర దగ్గర 8 వేల చుట్లు, ప్రతి చుట్టుకీ వైపర్ బ్లేడ్ గీకుతూనే ఉంటుంది. పైగా మన సీఎస్‌సీల్లో, జెరాక్స్ షాపుల్లో ఎవరూ వంద పేజీలు ఒకేసారి ఇవ్వరు, ఒకాయనకి ఆధార్ ఒక పేజీ, ఇంకొకామెకి ఆర్ఓఆర్, అంటే భూమి హక్కుల కాగితం, ఒక పేజీ, ప్రతి పనికీ ముందు కొన్ని చుట్లు తర్వాత కొన్ని చుట్లు డ్రమ్ము ఊరికే తిరుగుతుంది, ఆ చుట్లకి కాగితం లేదు గానీ అరుగుదల ఉంది. అందుకే ఒకే కార్ట్రిడ్జ్ ఆఫీసులో ఏడాది బతికితే సీఎస్‌సీలో నాలుగు నెలలకే ముసలిదైపోతుంది.

దీనికి తోడు 2000 పేజీలు అనే లెక్కే మనల్ని బోల్తా కొట్టిస్తుంది. డబ్బా మీద వేసే నంబరు ఐఎస్ఓ 19752 అనే ప్రమాణం ప్రకారం కొలిచింది, అందులో వాడే పేజీ మీద నలుపు సుమారు 5 శాతం, అంటే ఒక మామూలు ఇంగ్లీషు ఉత్తరం లాంటిది. 5 శాతం అంటే ఎంతో మనిషికి తెలియాలి కదా. ఏ4 విస్తీర్ణం 623 చదరపు సెంటీమీటర్లు, అందులో 5 శాతం 31. పాస్‌పోర్ట్ ఫొటో 3.5 బై 4.5, అంటే 15.75. ఎవరైనా నల్ల చొక్కా వేసుకుని ముదురు గోడ ముందు నిలబడి ఫొటో దిగారా, ఆ ఒక్క ఫొటోకే ఆ పేజీ వాటాలో సగం పోతుంది, ఇంకా ఫారం మొదలవ్వలేదు. ఆధార్ రెండు పక్కలా జెరాక్స్, బ్యాంకు పాస్‌బుక్కు మొదటి పేజీ బూడిద రంగు బ్యాక్‌గ్రౌండ్‌తో సహా, ఇవన్నీ కొడితే రెండు వేలు ఎక్కడ, ఏడెనిమిది వందలకి దుకాణం సర్దుకుంటుంది. అప్పుడు అందరూ రీఫిల్ చేసినోణ్ణి తిడతారు, పౌడర్ తక్కువ పోశాడని. నాకు పడ్డాయి ఆ తిట్లు.

పౌడర్ బరువు కూడా చెప్పేస్తాను. 12ఏకి సీసా 100 గ్రాములు అనుకోండి, 2000తో భాగిస్తే పేజీకి 50 మిల్లీగ్రాములు. చిటికెడు ఉప్పులో చిటికెడు. ఆ కాస్తలోనే సగం కష్టం ఉంది, ఎందుకంటే పౌడర్ అంతా ఒకటి కాదు.

అన్ని కార్ట్రిడ్జ్‌లకీ ఒకటే పౌడర్, యూనివర్సల్, అని సీసా మీద రాసి అమ్ముతారు చూడండి, నన్ను ముంచింది అదే. ఏడాదిన్నర కిందట గుణుపూర్ ప్యాసింజర్‌లో వైజాగ్ నుంచి తెప్పించుకున్నాను, పేరు చెప్పను, రేటు బాగుంది, పది సీసాలు. నాలుగు రోజులు బ్రహ్మాండంగా పడింది, నల్లగా కాకి రెక్కలా. అయిదో రోజు ఉప్పలాడ నుంచి ఒక ముసలాయన పట్టా కాగితం పట్టుకుని వచ్చి బల్ల మీద పరిచాడు. నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నాడంట, మడత పడ్డ ప్రతిచోటా అక్షరాలు లేచిపోయి తెల్లగా ఉంది, సర్వే నంబరు సరిగ్గా మడత మీదే. బొటనవేలితో రుద్దితే మిగతాది కూడా ఊడొచ్చింది. ఆయన ఏమీ అనలేదు, "బాబూ నంబరు కనపడతందా" అని అడిగాడంతే. ఆ నాలుగు రోజుల్లో ఎన్ని కాగితాలు ఎవరెవరి బీరువాల్లోకి పోయాయో తల్చుకుంటే ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది.

జరిగిందేంటంటే, ఈ పౌడర్‌లో ముఖ్యమైన సరుకు ప్లాస్టిక్, స్టైరీన్ అక్రిలేట్ అనో పాలియెస్టర్ అనో, దానికి ఐరన్ ఆక్సైడ్, కార్బన్ బ్లాక్, కొంచెం మైనం, చార్జిని అదుపులో పెట్టే రసాయనం, పైన ముద్ద కట్టకుండా సిలికా. రేణువు సైజు 5 నుంచి 10 మైక్రాన్లు. ఇందులో ప్లాస్టిక్ ఎంత వేడికి కరగాలో ఆ ప్రింటర్ ఫ్యూజర్‌ని బట్టి తయారు చేస్తారు. ఎక్కువ వేడి కావాల్సిన పౌడర్ని తక్కువ వేడి ఫ్యూజర్ ఉన్న ప్రింటర్‌లో వేస్తే కాగితం మీద కూర్చుంటుంది గానీ అంటుకోదు, మా ముసలాయన పట్టాలా. తిరగేసి జరిగితే ఇంకా ఘోరం, కరిగి ఫ్యూజర్ ఫిల్ముకే అంటుకుని ప్రింటర్‌నే తినేస్తుంది.

చార్జి సంగతి కూడా అంతే. హెచ్‌పీ, కెనాన్ పౌడర్ మైనస్ చార్జితో పనిచేస్తుంది, బ్రదర్ ప్రింటర్ల పౌడర్ ప్లస్. ఒకదాంట్లోది ఇంకోదాంట్లో వేస్తే ఏం వస్తుందో ఇప్పుడు మీకే తెలుసు. ఇంకో చిట్కా చెప్తాను, 12ఏ పౌడర్‌లో ఐరన్ ఆక్సైడ్ ఉంటుంది కాబట్టి కాగితం మీద చిటికెడు పోసి కింద అయస్కాంతం తిప్పితే ముళ్ళపందిలా లేచి నిలబడుతుంది. బ్రదర్ పౌడర్, పాత సామ్‌సంగ్ చిన్న ప్రింటర్ల పౌడర్ లేవదు, అందులో అయస్కాంతానికి అంటే సరుకు లేదు. సీసా మీద లేబుల్ ఊడిపోతే నేను ఇదే చేస్తాను, మా పిల్లలకి అదొక ఆట.

ఇంక స్కేలు. నా షాపులో స్క్రూడ్రైవర్ కంటే ఎక్కువ పనిచేసేది పిల్లల ప్లాస్టిక్ స్కేలు. కస్టమర్ కార్ట్రిడ్జ్ ఇవ్వగానే విప్పను, ముందు ఒక పేజీ కొట్టిస్తాను. పేజీ మీద ఒక చుక్క పడి, అదే చుక్క కింద మళ్ళీ మళ్ళీ పడుతుంటే మధ్య దూరం కొలుస్తాను. 75 వచ్చిందా, డ్రమ్ము, గీరుకుందో పూత లేచిందో. 38 వచ్చిందా, పీసీఆర్, దాని వ్యాసం 12 మిల్లీమీటర్లు కాబట్టి చుట్టు 37.7. కొలత కార్ట్రిడ్జ్‌ని బట్టి మారుతుంది గానీ ఉపాయం మాత్రం ఒకటే, ఏ రోలర్ చుట్టుకొలతకి సరిపోతే దొంగ అదే. చుక్కలు కాకుండా పై నుంచి కింద దాకా సన్నటి నల్ల గీత ఉందా, డ్రమ్ము మీద గీత పడింది లేదా వైపర్ బ్లేడ్ అంచు ఒకచోట తెగింది. తెల్ల గీత ఉందా, డాక్టర్ బ్లేడ్ దగ్గర ముద్ద ఇరుక్కుంది, కొన్నిసార్లు లేజర్ అద్దం మీద దుమ్ము కూడా. పేజీ అంతా పేలవంగా ఉందా, పౌడర్ తక్కువ కావచ్చు, మ్యాగ్నెట్ రోలర్ నున్నగా అరిగిపోయి ఉండొచ్చు, లేదంటే, నవ్వకండి, కంప్యూటర్‌లో ఎకానమీ మోడ్ ఎవరో ఆన్ చేసి మర్చిపోయి ఉండొచ్చు. ఒక స్కూల్లో మూడు రీఫిల్‌ల తర్వాత నేను కనిపెట్టింది ఇదే, డబ్బులు తీసుకోవడానికి మొహమాటమేసింది, తీసుకున్నాను అనుకోండి.

వర్షాకాలం లెక్క వేరే. మహేంద్రగిరి మీద మబ్బు దిగిందంటే మా ఊళ్ళో గోడలు కూడా చెమర్చుతాయి, ఇంక కాగితం ఎంత. పక్కన రాయగడ దగ్గర జేకే పూర్ మిల్లు నుంచి వచ్చిన కాగితమే అయినా రీమ్ విప్పి రెండు రోజులు బయట పెడితే తేమ పీలుస్తుంది, తడి కాగితం మీద చార్జి నిలవదు, పౌడర్ సగమే దిగుతుంది, మిగతాది వేస్ట్ లోకి. అంటే ప్రింటు పేలవం, వేస్ట్ ఎక్కువ, రెండు దెబ్బలు. రీమ్ విప్పాక మిగిలింది మళ్ళీ కవర్లో పెట్టి చుట్టేస్తే చాలు, ఆ రెండు దెబ్బలూ తప్పుతాయి.

ఇప్పుడు పేర్ల గందరగోళం. రీఫిల్ అంటే పౌడర్ పొయ్యడం, వేస్ట్ తీస్తే మంచి రీఫిల్, తియ్యకపోతే మన కాశీనగర్ కథ. రీఫర్బిష్ లేదా రీమాన్యుఫాక్చర్ అంటే పాత ఒరిజినల్ డబ్బాని పూర్తిగా విప్పి డ్రమ్ము, వైపర్ బ్లేడ్, అవసరమైతే పీసీఆర్, డాక్టర్ బ్లేడ్ కొత్తవి వేసి, కొత్త డ్రమ్ముకి బ్లేడ్ తిరగబడకుండా సన్నటి పొడి అద్ది, టెస్ట్ పేజీ కొట్టి ఇవ్వడం, దీనికి వాడే ప్రతి భాగానికీ డబ్బు కాబట్టి రేటు రీఫిల్‌కి రెండింతలు మూడింతలు ఉంటుంది, ఉండాలి కూడా. కంపాటిబుల్ అంటే వేరే కంపెనీ వాడు కొత్త ప్లాస్టిక్‌తో అదే సైజులో తయారు చేసింది, తన పేరుతో అమ్ముతాడు. డూప్లికేట్ అంటే ఒరిజినల్ డబ్బా, ఒరిజినల్ స్టిక్కర్ దొంగగా వేసి అమ్మేది, ఇది ట్రేడ్ మార్క్స్ యాక్ట్ 1999 కింద నేరం. మొదటి మూడింటికీ నాలుగోదానికీ సంబంధం లేదు, కానీ బజార్లో అన్నిటినీ కలిపి డూప్లికేట్ అనేస్తారు, మా పనివాళ్ళకి అక్కడ మండుతుంది.

అసలు ఇన్ని భాగాలు ఒకే డబ్బాలో ఎందుకు కూర్చున్నాయో తెలిస్తే కొంచెం నవ్వొస్తుంది. పొడి, కరెంటు, వేడి కలిపి కాపీ తియ్యడం అనే ఆలోచన చెస్టర్ కార్ల్‌సన్‌ది, 1938 అక్టోబర్ 22న న్యూయార్క్‌లోని ఆస్టోరియాలో మొదటి కాపీ తీశాడు, ఆ కాగితం మీద ఉన్నది కూడా ఆ తేదీ, ఆ ఊరి పేరే. దాని మీద వచ్చిన జెరాక్స్ 914 మెషీను 1959లో. అదే జెరాక్స్ కంపెనీలో గ్యారీ స్టార్క్‌వెదర్ లేజర్‌తో డ్రమ్ము మీద రాయడం పట్టుకొచ్చాడు, 1971 నాటికి పనిచేసే ప్రింటర్ తయారైంది. కానీ ఆ మెషీన్లు మెకానిక్ లేకపోతే నడవవు, డ్రమ్ము తుడవాలి, పౌడర్ పొయ్యాలి, చెత్త తియ్యాలి. 1982లో కెనాన్ వాళ్ళు పీసీ-10 అనే చిన్న కాపియర్‌లో డ్రమ్ము, పౌడర్, తుడిచే బ్లేడ్, చెత్త డబ్బా అన్నీ ఒకే డబ్బాలో పెట్టేశారు, అయిపోతే తీసి పారేసి ఇంకోటి పెట్టుకో, మెకానిక్ అక్కర్లేదు. 1984లో వచ్చిన హెచ్‌పీ లేజర్‌జెట్‌లో ఉన్నది కూడా కెనాన్ ఇంజనే, డబ్బా పద్ధతి అదే. మెకానిక్‌ని తప్పించడానికి పుట్టిన డబ్బాని నలభై ఏళ్ళ తర్వాత మెకానిక్ షాపులో కూర్చుని విప్పుతున్నాం మేము. బ్రదర్ వాళ్ళు మాత్రం డ్రమ్ము వేరు, టోనర్ వేరు పెట్టారు, వాళ్ళ డీఆర్-2365 డ్రమ్ము 12,000 పేజీలంటారు, టోనర్ మధ్యలో నాలుగైదు సార్లు మార్చుకోవచ్చు, నాకైతే ఆ పద్ధతే న్యాయంగా కనిపిస్తుంది.

డబ్బులు ప్రింటర్‌లో లేవు, డబ్బాలో ఉన్నాయి, అందుకని కంపెనీలకి రీఫిల్ అంటే ఇష్టం ఉండదు, ఇది అర్థం చేసుకోదగిందే. అమెరికాలో లెక్స్‌మార్క్ కంపెనీ తక్కువ రేటుకి కార్ట్రిడ్జ్ అమ్మి, ఖాళీ అయ్యాక మాకే తిరిగివ్వాలి, ఇంకొకరు నింపకూడదు అని షరతు పెట్టి, నింపినవాళ్ళ మీద పేటెంట్ కేసు వేసింది. 2017 మే 30న అక్కడి సుప్రీంకోర్టు, ఒకసారి అమ్మాక ఆ వస్తువు మీద పేటెంట్ హక్కు అయిపోయినట్టే అని తేల్చింది. అది అమెరికా చట్టం, మనకి నేరుగా వర్తించదు, కానీ నేను కొన్న గిన్నెలో నేను ఏం వండుకుంటానో అమ్మినవాడికెందుకు అన్న మాట మన ఊళ్ళో ఏ పెద్దమనిషి అయినా చెప్పేదే కదా.

కోర్టులో ఓడితే ఏం, చిప్పు ఉంది. 12ఏకి చిప్పు లేదు, అందుకే అది మా కులదైవం. కొత్త మోడళ్ళలో చాలావాటికి గోరంత చిప్పు ఉంటుంది, ఎన్ని పేజీలు కొట్టావో లెక్క పెట్టుకుని అయిపోయింది అని చెప్తుంది, కొన్నిట్లో పౌడర్ పోసినా ఒప్పుకోదు, చిప్పు మార్చాల్సిందే. కొన్నిసార్లు ప్రింటర్ ఇంటర్నెట్‌లో ఫర్మ్‌వేర్, అంటే దాని లోపలి సాఫ్ట్‌వేర్, అప్‌డేట్ చేసుకుని నిన్నటిదాకా పనిచేసిన చిప్పుని ఇవాళ తోసేస్తుంది. కొత్త ప్రింటర్ కొనేముందు షాపువాణ్ణి స్పీడ్ ఎంత, వైఫై ఉందా అని అడుగుతారు, చిప్పు ఉందా, రీఫిల్ అవుతుందా అని ఒక్కళ్ళూ అడగరు, కొన్నాక నా దగ్గరికొచ్చి అడుగుతారు.

ఇంట్లో స్వయంగా చేద్దామనుకునేవాళ్ళకి రెండు మాటలు. ఈ పొడి ఊపిరితిత్తుల్లోకి పోయేంత సన్నం, ఇందులో ఉండే కార్బన్ బ్లాక్‌ని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధన విభాగం ఐఏఆర్‌సీ వాళ్ళు క్యాన్సర్ కారకం కావచ్చు అనే 2బీ జాబితాలో పెట్టారు, భయపడి పారిపోనక్కర్లేదు గానీ మాస్కు లేకుండా, ఫ్యాన్ కింద కూర్చుని చెయ్యొద్దు. చేతికి అంటితే చన్నీళ్ళు, వేన్నీళ్ళు కాదు, ప్లాస్టిక్ కదా వేడికి మెత్తబడి చర్మానికి, బట్టకి ఇంకా పట్టేస్తుంది. ఇంట్లో వాక్యూమ్ క్లీనర్ పెట్టొద్దు, దాని ఫిల్టర్లోంచి పొడి అటు పక్క గదంతా చిమ్ముతుంది, మా ఆవిడని అడగండి. డ్రమ్ము తీసిన వెంటనే నల్ల గుడ్డ కప్పండి, వెలుతురు దానికి పడదు. వేస్ట్‌ని కాల్చొద్దు, సన్నటి ప్లాస్టిక్ పొడి నిప్పులో భగ్గుమంటుంది. మహేంద్రతనయలో కలపడం అసలే వద్దు, ఒకప్పుడు ఏటి ఒడ్డున నల్ల కవర్లు చూసి ఇవెవరివా అనుకునేవాణ్ణి, మా వృత్తివాళ్ళవే. ఈ-వేస్ట్ రూల్స్ 2022, అంటే 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్నవి, వాటి జాబితాలో ప్రింటర్లతో పాటు కార్ట్రిడ్జ్‌లు కూడా ఉన్నాయి, వాటిని రీసైకిల్ చేయించే బాధ్యత తయారీ కంపెనీలది. మా ఊరి దాకా ఆ బాధ్యత ఇంకా రాలేదు, నేను గోనెసంచిలో కట్టి ఉంచుతున్నాను, నిండితే బరంపురం పంపుతాను.

కాశీనగర్ ఆయనది ఏమైందంటే, వేస్ట్ తీశాను, డ్రమ్ము, వైపర్ బ్లేడ్ కొత్తవి వేశాను, ఉన్న పౌడర్‌నే జల్లించి ఉంచాను, కొత్తగా ఒక్క గ్రాము పొయ్యలేదు. పౌడర్ పొయ్యకుండా డబ్బులెందుకని కొంచెంసేపు వాదించాడు, వేస్ట్ గుమ్మరించిన పేపర్ చూపిస్తే ఊరుకున్నాడు. టెస్ట్ పేజీ కొట్టాం, గీతలు పోయాయి, కారడం పోయింది, ఎడమ పక్క అంచున మాత్రం ఆవగింజంత చుక్క మిగిలింది. స్కేలు పెట్టాను, 38. పీసీఆర్ మీద చిన్న గాటు, నా దగ్గర ఆ రోజు పీసీఆర్ స్టాకు లేదు, రెండు రోజుల్లో వస్తుంది ఆగమన్నాను. "చుక్కకేటి మాస్టారూ, అక్కడ వందమంది కూకున్నారు" అని పేపర్లో చుట్టుకుని బస్సెక్కేశాడు, మళ్ళీ రాలేదు. అప్పటినుంచి ఆ వైపు నుంచి ఎవరైనా ఫారం జెరాక్స్‌కి తెస్తే నా చెయ్యి స్కేలు మీదకే పోతుంది. ఎడమ అంచున, ఒకదాని కింద ఒకటి, ఏడెనిమిది చుక్కలు.